పేకముక్కలు నేర్చుకుందాం – 4వ పాఠం: వంతు ఎప్పుడు మొదలవుతుంది?

మూడో పాఠంలో ఒక వాక్యం రాశాను: "పక్కవాళ్లు ముక్క ఎత్తగానే మీరు సిద్ధమైపోండి." అది రాయకుండా ఉండాల్సింది. సిద్ధమవడం అంటే చేతిలో ముక్కలు సర్దుకుని, ఏ ముక్క కావాలో తేల్చుకుని కూర్చోవడం అని నా ఉద్దేశం. చాలామంది కట్ట మీద చెయ్యి వేయడం అనుకున్నారు.

పోయిన ఆదివారం మా అరుగు మీదే రమ్మీ ఆడుతుంటే గొడవైంది. ఏ ముక్క కొట్టాలా, అంటే చేతిలోంచి ఏది కింద వేయాలా అని పిన్ని ఇంకా ఆలోచిస్తోంది. ఆవిడ ఎడమపక్కన కూర్చున్న మా మేనల్లుడు కట్టలోంచి ముక్క తీసేశాడు. "ఒరేయ్, నేనింకా కొట్టలేదురా" అంది పిన్ని. "మావయ్యే రాశాడు, సిద్ధంగా ఉండమని" అన్నాడు వాడు. అంబాజీపేట నుంచి వచ్చిన చుట్టం ఒకాయన కూడా వాడి పక్షమే: "ఆయ్, మీరే కదండీ రాశారు!" అందుకే జోకర్ల పాఠం వచ్చేసారికి వాయిదా వేశాను.

కోయడం, పంచడం, ఆట ఎడమవైపుకి తిరగడం మీకు తెలిసినవే, మళ్లీ రాయను. కేరళవాళ్ల ఇరవై ఎనిమిది ఆటలో మాత్రం పంపకం, ఆట రెండూ కుడివైపుకి తిరుగుతాయి. అక్కడి స్నేహితులతో కూర్చుంటే ముందే అడగండి.

13 ముక్కల రమ్మీలో వంతు అంటే రెండు పనులు: ఒకటి తీయడం, ఒకటి కొట్టడం. ఎవరి చేతిలో 14 ముక్కలున్నాయో వాళ్లదే వంతు. ఎవరి చేతిలోనూ 14 లేనప్పుడే తర్వాతివాళ్లు ముక్క తీయాలి. ఒకేసారి ఇద్దరి చేతుల్లో 14 కనబడ్డాయంటే ఎవరో ఒకరు తొందరపడ్డారు. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నరసాపురం వైపు నుంచి వచ్చిన బళ్లు దిగాకే ఇటువాళ్ల బళ్లు ఎక్కుతాయి.

"ఒక్క క్షణం ముందు తీస్తే ఏం పోయింది, ఆ కట్టలోదే కదా" అని అడుగుతారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. చాలా పోతుంది.

పిన్ని చేతిలో ఆటీను ఏడు ఉంది, ఇస్పేటు రాజు ఉంది. రెంటిలో ఒకటి కొట్టాలి. మేనల్లుడు ఇంతకుముందు ఆటీను ఎనిమిది ఎత్తుకున్నాడు కాబట్టి ఏడు కొట్టడానికి ఆవిడ భయపడుతోంది. ఇంతలో వాడు కట్టలోంచి తీసేశాడు. అంటే ఈ వంతులో పిన్ని కొట్టే కింద ముక్క ఎత్తే వీలు వాడికి పోయింది. ఇక భయమేముంది? ఏడు హాయిగా కొట్టేసింది. వాడికి కావలసింది సరిగ్గా అదే!

అప్పుడు వాడేమన్నాడు? "సరే, ఇది కట్టలో పెట్టేస్తాను, ఏడు తీసుకుంటాను." కుదరదు. తీసిన ముక్క వాడు చూసేశాడు. దాన్ని తిరిగి కట్ట మీద పెడితే వాడి తర్వాతివాళ్లు తీయబోయేది ఏమిటో వాడికి ముందే తెలుస్తుంది. అడుగున పెట్టినా, ఆ ముక్క ఎవరి చేతిలోనూ లేదని వాడొక్కడికే తెలుసు. చూసింది మర్చిపోమని ఎవరికీ చెప్పలేం.

పోనీ పిన్ని ఆ క్షణంలో షో చేసిందనుకోండి, అంటే ఆట అయిపోయిందని ముక్కలు చూపించేసిందనుకోండి. వాడికది మొదటి వంతు అయితే, ముక్క తీసినట్టా తీయనట్టా? దానిమీద ఇంకో అరగంట.

మా అరుగు మీద చట్టం ఇది. తర్వాతి వంతు మీదే అయ్యి తొందరపడి తీస్తే ఆ ముక్క మీదే, కింద ముక్క మీద హక్కు పోయినట్టే. అసలు వంతే కానివాళ్లు తీస్తే దాన్ని అందరికీ చూపించి కట్ట అడుగున పెడతాం. వేరే ఊళ్లో వేరేలా ఆడొచ్చు, కానీ పంచకముందే మాట్లాడుకోండి.

కొట్టడం ఎప్పుడు పూర్తయినట్టు? ముక్క మీద వేలు ఎత్తేశాక. వేలు ఆనించి ఉంచి "ఆగండాగండి" అనేవాళ్లతో నేను ఆడను.

ఇప్పుడు డ్రాపు, అంటే ఆ చెయ్యి ఆడకుండా వదిలేయడం. కొందరు స్కూటు అంటారు. 101 పాయింట్లు చేరినవాళ్లు బయటికి పోయే 101 ఆటలో మొదటి వంతు వచ్చాక, ముక్క ఎత్తకముందు పడేస్తే 20 పాయింట్లు మీ మీద పడతాయి. ఒక్కటి ఎత్తి చూసి "అబ్బే" అనుకుంటే ఇక 40. అదీ అప్పటికప్పుడు కాదు. ఎత్తారు కాబట్టి ఒకటి కొట్టాలి, మళ్లీ మీ వంతు వచ్చేదాకా ఆగాలి, అప్పుడు ఎత్తకముందు చెప్పాలి. ఈలోగా ఎవరైనా షో చేస్తే చేతిలో ఉన్నదంతా లెక్కే, 80 దాకా. జోకరూ సీక్వెన్సూ (ఒకే గుర్తులో వరస ముక్కలు) రెండూ లేని చెయ్యి వస్తే నేను ఆలోచించను, 20 చింతపిక్కలు పక్కన పెట్టి మంచినీళ్లకి లేస్తాను. మా అరుగు మీద లెక్కంతా చింతపిక్కలతోనే.

మధ్యలో ఒకళ్లు డ్రాపు చేస్తే అంతకుముందు కొట్టిన ముక్క తర్వాతివాళ్లకి అలాగే ఉంటుంది, దాన్ని ఎత్తుకోవచ్చు. పంచాక తిప్పిపెట్టిన మొదటి ముక్క జోకరైతే మొదటి వంతువాళ్లు తీసుకోవచ్చు. ఎవరైనా కొట్టిన జోకరుని మాత్రం ముట్టుకోకూడదు. కారణం వచ్చే పాఠంలో.

తురుపు ఆటల్లో ఒక్కో పట్టులో (అందరూ తలో ముక్క వేసే చుట్టులో) వంతు ఇలాగే తిరుగుతుంది, కానీ తర్వాతి పట్టు మొదలుపెట్టే వంతు పట్టు గెలిచినవాళ్ల దగ్గరికి పోతుంది. అంతే తేడా.

సెలవులకి వచ్చిన పిల్లలు ఊనో (రంగులూ అంకెలూ ఉండే వేరే కట్ట) తెస్తారు కాబట్టి దాని సంగతీ చూద్దాం. స్కిప్ వేస్తే పక్కవాళ్ల వంతు పోతుంది. రివర్స్ వేస్తే ఆట వెనక్కి తిరుగుతుంది. ఇద్దరే ఆడుతుంటే రివర్స్ కూడా స్కిప్‌లాగే పనిచేస్తుంది, వేసినవాళ్లకే మళ్లీ వంతు. డ్రా టూ పడ్డవాళ్లు రెండు ముక్కలు తీసుకుని వంతు కూడా వదులుకోవాలి. దానిమీద ఇంకో డ్రా టూ వేసి పక్కవాళ్లకి నాలుగు అంటగట్టడం అసలు నియమాల్లో లేదు. మా పిల్లలు ఒప్పుకోరు, అది వేరే విషయం.

అభ్యాసం. రమ్మీకి ఆరుగురు కూర్చోండి, ఏడో మనిషికి ముక్కలు ఇవ్వకండి. ఆ మనిషి పని ఒకటే: ప్రతి వంతుకీ "తీశారు", "కొట్టారు" అని పైకి చెప్పడం. "కొట్టారు" వినబడకముందు కట్ట మీద చెయ్యి వేసినవాళ్లకి ఐదు చింతపిక్కలు జరిమానా. పది చేతులు ఆడాలి. ఐదో చేతికే విసుగొస్తుంది, ఆపకండి.

ఇంకొకటి కాగితం మీద. ఊనోలో ఎడమవైపుకి వరసగా 1 నుంచి 6 దాకా కూర్చున్నారు, ఆట ఎడమవైపుకి తిరుగుతోంది. 2వ మనిషి మామూలు అంకె వేశాడు. 3 స్కిప్ వేసింది. ఆ తర్వాత వంతు వచ్చినవాళ్లు రివర్స్ వేశారు. వాళ్ల తర్వాతివాళ్లు డ్రా టూ. ఆ తర్వాత వంతు వచ్చినవాళ్లు మళ్లీ రివర్స్. ఇప్పుడు వంతు ఎవరిది? పిల్లల్ని అడక్కుండా చేయండి.