ఒకే నీడను ఏళ్ల తరబడి ఫోటో తీయడం ఎలా

ఫోటోగ్రఫీతో చెలిమి కలకాలం నిలవాలంటే కొత్త కెమెరా కొనడం కన్నా ముందు, మళ్లీ మళ్లీ వెళ్లగలిగే చోటునొకదాన్ని ఎంచుకోవాలి. నాకు ఆ చోటు నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుడులున్న ఈ ఆలయంలో ఒకచోట శివలింగం మీద స్తంభం ఆకారంలో పడే నీడ, బయట పొద్దు ఎంత తిరిగినా, పగలంతా అక్కడే నిలిచి ఉంటుంది.

ఫిల్మ్ రీళ్ల కాలంలో మొదటిసారి వెళ్లి 36 ఫోటోలూ ఫ్లాష్‌తోనే తీశాను. స్టూడియోలో కడిగించి చూస్తే లింగం స్పష్టంగా ఉంది, నీడ మాత్రం ఒక్కదానిలోనూ లేదు. ఎదురుగా మరో వెలుగు పడితే నీడ చెరిగిపోతుందన్న చిన్న సంగతి ఆనాడు తట్టలేదు.

కనుక పూజారి గారి అనుమతి తీసుకున్నాక ఫ్లాష్ ఆపి, లోపల బల్బు వెలుగుతుంటే కాసేపు ఆర్పమని అడగాలి. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఊరకే నిలబడాలి. ఐఎస్ఓను, అంటే వెలుగును కెమెరా గ్రహించే స్థాయిని, 400 దగ్గర ఉంచి, ట్రైపాడ్ మీద, అది కుదరకపోతే గడపకు ఆనించి, రెండు సెకన్ల టైమర్‌తో తీస్తే చేతి వణుకు ఫోటోలోకి రాదు. ఆటోమేటిక్‌లో వదిలేస్తే కెమెరా ఆ చీకటిని చూసి అవసరానికి మించి వెలుగు నింపుతుంది, నల్లటి నీడ బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించాలి, అంటే కెమెరాలోకి వచ్చే వెలుగును సగం చేయాలి. నిలబడిన రాతిపలక, కెమెరా ఎత్తు, తేదీ, వేళ నోటుపుస్తకంలో రాసుకుంటే మరుసటి ఏడు అదే చోట నిలబడవచ్చు. పోలిక లేని ఫోటోలు వంద ఉన్నా నాకు వాటి మీద పెద్దగా ఆసక్తి లేదు.

పోలికకు పనికొచ్చే పాత నెగెటివ్‌లను, అంటే కడిగిన ఫిల్మ్ ముక్కలను, అంచులు పట్టుకునే తీయాలి. వానాకాలపు చెమ్మకు అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయాలి. వెనిగర్ వంటి పుల్లటి వాసన వచ్చేవాటిని వెంటనే వేరు చేయాలి, ఆ ఫిల్మ్ పాడవుతోందని అర్థం. వాటికే ముందుగా నకలు తీయాలి: తెల్లని ఫోన్ తెరకు రెండు అంగుళాల ఎడంగా నెగెటివ్‌ను నిలిపితే తెర చుక్కలు కనిపించవు, మరో ఫోన్‌తో ఫోటో తీసి రంగులను తిరగేస్తే (ఇన్వర్ట్ చేస్తే) చాలు.

కవరులో నెగెటివ్ పెట్టకముందే దాని మీద పెన్సిల్‌తో ఊరు, సంవత్సరం రాయాలి. పెన్ను సిరా చెమ్మకు లోపలికి దిగుతుంది. చెడిపోయిన రీలును సైతం పారేయవద్దు. నా డబ్బాలో మొదటి కవరు మీద “పానగల్లు, ఫ్లాష్, నీడ లేదు” అని ఇప్పటికీ ఉంది.