సెల్లార్ గోడకి చెమ్మ వస్తోందా, ముందు ఫాయిల్ అంటించి చూడండి

వానలు మొదలైతే చాలు మా సెల్లార్ గోడ కింద రెండడుగుల మేర నల్లగా తడి, పెయింట్ బుడగలు బుడగలుగా లేచి గోరుతో గీకితే పెచ్చులు ఊడి లోపల ఉప్పులాంటి తెల్లపొడి. పోయినేడాది దాని మీదే పుట్టీ కొట్టించి డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్ వేయించా, మళ్లీ వానలకి మొత్తం షీట్‌లాగా ఊడొచ్చింది, బూడిదలో పోసిన పన్నీరే.

అందుకే వాటర్‌ప్రూఫింగ్ వాళ్లని పిలిచే ముందు ఇది చేయండి. చపాతీలు చుట్టే ఫాయిల్ ఒక అడుగు ముక్క కట్ చేసి, గోడని పొడిగా తుడిచి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేప్ వేసి రెండ్రోజులు వదిలేయండి. తీసినప్పుడు గోడ వైపు తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు, మనవైపు చెమట పట్టినట్టుంటే అది గదిలో గాలిలో ఉన్న తేమే, దానికి వేలకి వేలు పోయక్కర్లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి చూడండి, గోడకి ఆనించిన అట్టపెట్టెలు కూడా కాస్త జరపండి. టేప్ తడిగోడకి అంటుకోదు, హెయిర్ డ్రయర్‌తో కాసేపు ఆరబెట్టా నేనైతే.

మాది గోడ వైపే తడి. బయటికెళ్లి చూస్తే డాబా మీద వాన నీళ్లు దిగే పైపు సరిగ్గా ఆ గోడ మొదట్లోనే పోస్తోంది! ఎల్బో వేసి ఆరడుగులు అవతలికి మళ్లించి, గోడ పక్క మట్టి ఎత్తు చేసి వాలు బయటికి పెట్టాం. లోపల పెచ్చులు గీకేసి వదిలేశా, గోడ బాగా ఆరాకే మళ్లీ ప్లాస్టరింగ్, పెయింట్.