ప్రాసెస్ ఇంజిన్‌లో మన కోడ్ – 4వ పాఠం: రైతు ఖాతాకు డబ్బు రెండుసార్లు వెళ్లకుండా

పోయిన పాఠంలో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చే మిర్చి లాటును ఉదాహరణగా తీసుకొని, గేటు ఎంట్రీ మొదలుకొని వేలం, కాంటా, తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ), చెల్లింపు వరకు బీపీఎంఎన్ (పని క్రమాన్ని గుర్తులతో చూపే పద్ధతి) చిత్రం గీశాం. ఇది అభ్యాసం కోసం మనం కల్పించుకున్న ప్రాసెస్ మాత్రమే, యార్డులో నడిచే సాఫ్ట్‌వేర్ కాదు. ఆ చిత్రంలో కాంటా తర్వాత మూడు గడులు ఖాళీగా మిగిలాయి: తక్‌పట్టీ లెక్క కట్టడం, రైతు బ్యాంకు ఖాతాకు డబ్బు పంపడం, రైతు ఫోనుకు మెసేజ్ పంపడం. ఈ మూడింటినీ ప్రోగ్రామే చేయాలి కనుక వాటిని సర్వీస్ టాస్కులుగా గుర్తించాం. ఈరోజు వాటికి జావా కోడ్ తగిలిద్దాం. మన ఇంజిన్, అంటే ఆ చిత్రాన్ని గడి తర్వాత గడిగా నడిపించే సాఫ్ట్‌వేర్, కముండా 7; అది 2013లో ఆక్టివిటీ ప్రాజెక్టు నుంచి విడిపోయి వచ్చినది.

తగిలించే పని చిన్నదే. జావా డెలిగేట్ అనే ఇంటర్‌ఫేస్‌కు ఒక క్లాసు రాయాలి. అందులో ఉండేది ఎగ్జిక్యూట్ అనే ఒకే ఒక మెథడ్. ఇంజిన్ ఆ గడి దగ్గరికి రాగానే ఈ మెథడ్‌ను పిలిచి, ఆ లాటుకు సంబంధించిన వేరియబుళ్లను మన చేతికిస్తుంది. తక్‌పట్టీ క్లాసు బరువును, ధరను చదువుకొని, గుణించి, వచ్చిన మొత్తాన్ని మరో వేరియబుల్‌లో పెడితే చాలు. ఒక రైతు 18 బస్తాలు తెచ్చాడని, కాంటాలో 7 క్వింటాళ్ల 20 కిలోలు తూగిందని, వేలంలో క్వింటాలుకు 14,000 రూపాయలు పలికిందని అనుకుందాం. మొత్తం 1,00,800 రూపాయలు. చిత్రం గీసే మోడలర్‌లో ఆ గడిని ఎంచుకొని క్లాసు పూర్తి పేరు రాస్తే ముడి పడినట్టే. మీరు స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడుతూ క్లాసు పేరుకు బదులు బీన్ (స్ప్రింగ్ తయారుచేసి ఉంచే ఆబ్జెక్టు) పేరు ఇస్తే మాత్రం, ఆ బీన్ అన్ని లాటులకూ ఒక్కటే కాబట్టి, ఏ లాటు వివరాన్నీ క్లాసు ఫీల్డులో దాచకండి. ఒక రైతు లెక్క మరొక రైతు తక్‌పట్టీలోకి చేరే ప్రమాదం అక్కడే ఉంది.

ఇక అసలు విషయానికి వద్దాం. మూడు గడులకూ ఇలాగే కోడ్ తగిలించి నడిపితే మొదటి రోజు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కానీ మెసేజ్ పంపే సర్వర్ ఒకసారి పలకకపోతే ఏమవుతుందో గడి గడిగా చూడండి. దడవాయి (తూకం వేసే మనిషి) బరువు నమోదు చేసి బటన్ నొక్కాడు. ఆ ఒక్క నొక్కుతోనే ఇంజిన్ తక్‌పట్టీ లెక్క కట్టింది, బ్యాంకుకు 1,00,800 రూపాయల ఆదేశం పంపింది, మెసేజ్ గడికి వచ్చింది. అక్కడ కోడ్ ఎక్సెప్షన్ విసిరింది. ఇంజిన్ తన స్థితిని డేటాబేస్‌లో స్థిరపరిచేది యూజర్ టాస్క్ (మనిషి చేసే పని), టైమర్, బయటి నుంచి రావాల్సిన మెసేజ్ కోసం ఎదురుచూపు లాంటి ఆగే చోట్లలోనే. కాంటా తర్వాత మన చిత్రంలో అలాంటి చోటు ఒక్కటీ లేదు కాబట్టి ట్రాన్సాక్షన్ (ఒకే విడతగా స్థిరపడే లేదా రద్దయ్యే మార్పుల గుంపు) మొత్తం వెనక్కి మళ్లి, దడవాయి తెర మీద కాంటా పని అసలు చేయనట్టే మళ్లీ కనబడుతుంది. ఇంజిన్ తన డేటాబేస్‌ను వెనక్కి తిప్పగలదే కానీ బ్యాంకుకు వెళ్లిన ఆదేశాన్ని తిప్పలేదు. దడవాయి తన తప్పేమీ లేకుండానే మళ్లీ బటన్ నొక్కుతాడు, డబ్బు రెండోసారి వెళుతుంది.

దీనికి మొదటి విరుగుడు, చెల్లింపు గడికి, మెసేజ్ గడికి మోడలర్‌లో 'అసింక్ బిఫోర్' గుర్తు పెట్టడం. అప్పుడు ఇంజిన్ ఆ గడి ముందు ఆగి, అప్పటివరకు జరిగినదాన్ని డేటాబేస్‌లో రాసి, మిగతా పనిని ఒక జాబ్‌గా పెడుతుంది. జాబ్ ఎగ్జిక్యూటర్ దాన్ని వెనక నుంచి అందుకుంటుంది. మెసేజ్ విఫలమైతే మెసేజ్ గడి మాత్రమే మళ్లీ నడుస్తుంది, కాంటా నమోదు చెక్కుచెదరదు. మనం ఏమీ మార్చకపోతే ఇంజిన్ మూడుసార్లు ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే ఇన్సిడెంట్‌గా నమోదు చేసి నిలిపేస్తుంది. ఆ మూడు ప్రయత్నాల మధ్య కావాలని ఇచ్చే విరామం ఏదీ ఉండదు కాబట్టి, పది నిమిషాలు పడుకున్న సర్వర్‌కు అవి ఏమాత్రం చాలవు. గడి సెట్టింగుల్లో 'R5/PT5M' అని రాస్తే ఐదు నిమిషాలకోసారి చొప్పున ఐదుసార్లు ప్రయత్నిస్తుంది.

అయినా ఒక సందు మిగిలే ఉంది. బ్యాంకు డబ్బు పంపేసింది, కానీ దాని జవాబు మన దాకా రాకముందే నెట్‌వర్క్ తెగింది. మన కోడ్‌కు అది వైఫల్యంగానే కనిపించి, జాబ్ మళ్లీ నడుస్తుంది. కాబట్టి ప్రతి ఆదేశంతో పాటు ఒక రెఫరెన్స్ నంబరు పంపాలి, అదే నంబరు రెండోసారి వస్తే బ్యాంకు సర్వీసు డబ్బు పంపకుండా మొదటి జవాబునే తిరిగివ్వాలి. ఆ సదుపాయం ఉందో లేదో కోడ్ రాయడానికి ముందే అడిగి తెలుసుకోండి.

ఆ నంబరును ఎక్కడ తయారు చేస్తారన్నది చాలా ముఖ్యం. ఒక వ్యాపార సంస్థకు పనిచేసిన తొలినాళ్లలో నేను దాన్ని ఎగ్జిక్యూట్ మెథడ్ లోపలే, గడియారం సమయం నుంచి పుట్టించాను. జాబ్ మళ్లీ నడిచిన ప్రతిసారీ కొత్త నంబరు పుట్టింది, బ్యాంకుకు అవి మూడు వేర్వేరు చెల్లింపులు. అదనంగా వెళ్లిన డబ్బును ఫోన్లు చేసి వెనక్కి రప్పించుకోవడానికి వారం పట్టింది. ఆ వారం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది; అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నంబరు లాటు నుంచే రావాలి: గేటు ఎంట్రీలో ఇచ్చిన లాటు నంబరును బిజినెస్ కీగా (నడుస్తున్న ప్రాసెస్‌ను గుర్తుపట్టే మన సొంత నంబరుగా) పెట్టుకొని, దానికి చెల్లింపు గడి పేరు చేర్చితే, ఎన్నిసార్లు నడిచినా అదే నంబరు వస్తుంది. 'ఈ లాటుకు డబ్బు పంపాం' అని మన సొంత పట్టికలో రాసుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఆ పట్టిక ఇంజిన్ ట్రాన్సాక్షన్‌లోనే భాగమైతే, అది వెనక్కి మళ్లినప్పుడు మీరు రాసిన వరుస కూడా చెరిగిపోతుంది.

ఒక తేడా మాత్రం మరవకండి. ఖాతా నంబరు తప్పని బ్యాంకు చెబితే ఐదుసార్లు కాదు, యాభైసార్లు పంపినా ఫలితం మారదు. అలాంటప్పుడు మామూలు ఎక్సెప్షన్ కాకుండా బీపీఎంఎన్ ఎర్రర్ విసిరి, గడి అంచున ఎర్రర్ ఈవెంట్ పెట్టి, అడ్తిదారు ఖాతా వివరాలు సరిచేసే యూజర్ టాస్క్‌కు దారి మళ్లించాలి. నెట్‌వర్క్ తెగితే మళ్లీ ప్రయత్నం, సమాచారం తప్పయితే మనిషి దగ్గరికి.

అభ్యాసం: మెసేజ్ క్లాసు మొదటి వరుసలోనే ఒక ఎక్సెప్షన్ విసిరేలా రాసి, మొదట అసింక్ గుర్తు లేకుండా, తర్వాత గుర్తుతో ఒక లాటును నడపండి. బ్యాంకుకు బదులుగా, వచ్చిన ప్రతి రెఫరెన్స్ నంబరును ఒక ఫైలులో రాసే చిన్న ప్రోగ్రామ్ పెట్టుకోండి. రెండు నడకల్లోనూ కాంటా పని తెర మీద ఎన్నిసార్లు కనబడిందో, ఫైలులో ఏయే నంబర్లు ఎన్నిసార్లు పడ్డాయో కాగితం మీద రాసుకొని పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఇదే చెల్లింపు గడిని ఇంజిన్ బయట నడిచే వర్కర్‌గా మారుస్తాం. కముండా 8లో జావా డెలిగేట్ లేదు కనుక అక్కడ దారి అదే. ఆ కాగితం అప్పుడు మళ్లీ కావాలి.