బీటిల్ ఇంజన్‌లో ఆయిల్ వేడెక్కుతుంటే ఎక్కడి నుంచి చూడాలి

జడ్చర్ల దాటి కల్వకుర్తి రోడ్డెక్కేసరికి పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఆయిల్ ముల్లు 120 డిగ్రీలు చూపిస్తే, చాలామంది వెంటనే అదనపు ఆయిల్ కూలర్ కొంటారు. అది ఆఖరున చేయాల్సిన పని. రేడియేటర్ లేని ఈ ఇంజన్‌ను చల్లబరిచేది ఫ్యాన్ గాలి, ఆయిల్ రెండే. గాలికి దారి సరిగ్గా లేకపోతే ఆ భారమంతా ఆయిల్ మీద పడుతుంది.

ముందు మీటర్‌నే అనుమానించండి. సెండర్ (ఆయిల్ వేడిని కొలిచి మీటర్‌కు పంపే భాగం) విప్పి, దాని బాడీకి ఎర్త్ వైరు కట్టి, మరుగుతున్న నీళ్లలో ముంచండి. ముల్లు 100కు అటూఇటూ ఉండాలి. 115 చూపిస్తే ఇంజన్‌ను కదిలించాల్సిన పనే లేదు. బయట 42 డిగ్రీల ఎండలో, 80 స్పీడులో ఆయిల్ 100–110 మధ్య నిలబడితే అది జబ్బు కాదు. 120 దాటి ఇంకా ఎక్కుతుంటేనే వెతకండి.

ఆయిల్ మట్టం సమానమైన నేల మీద చూడాలి. ఈ ఇంజన్‌కు పట్టేది రెండున్నర లీటర్లే. మంచిదని డిప్‌స్టిక్ పై గీత దాటించి పోస్తే క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) చిలికి నురగ చేస్తుంది, వేడి ఇంకా పెరుగుతుంది. మన ఎండలకు 20W-50 రకం ఆయిల్ బాగుంటుంది.

ఇక గాలి దారి. అసలు సమస్య ఎక్కువగా దొరికేది ఇక్కడే. నెలల తరబడి నిలబెట్టిన బండిలో ఫ్యాన్ ష్రౌడ్ (ఫ్యాన్ గాలిని సిలిండర్ల మీదికి పంపే రేకు పెట్టె) లోపల ఎలుకలు గూడు కడతాయి. పత్తి సీజన్లో నల్లగొండ రోడ్ల మీద ఎగిరే దూది, మిర్యాలగూడ వైపు వడ్ల పొట్టు ఫ్యాన్ లాగేసుకుంటుంది. లీకయిన ఆయిల్‌కు ఎర్రమట్టి దుమ్ము తోడైతే కూలర్ రెక్కల మధ్య గట్టి పెంకు కడుతుంది. ఫ్యాన్ గాలి తీసుకునే రంధ్రం దగ్గర అద్దం, టార్చి పెట్టి లోపలికి చూడండి. పెంకు కనపడితే ష్రౌడ్ విప్పాల్సిందే. బయటి నుంచి గాలి కొడితే అది రాదు.

తర్వాత రేకులు. ఇంజన్ చుట్టూ ఉండే రబ్బర్ సీల్, ప్లగ్ వైర్ల రబ్బర్ టోపీలు, సిలిండర్ల కింది రేకులు అన్నీ ఉండాలి. సీల్ తెగితే కింద సైలెన్సర్ వేడి గాలినే ఫ్యాన్ మళ్లీ పీలుస్తుంది. హీటర్ తీసేసిన బండ్లలో ష్రౌడ్‌కు ఉన్న రెండు హీటర్ రంధ్రాలు తెరిచి వదిలేస్తారు. వాటిని మూయించండి, లేకపోతే సిలిండర్లకు పోవాల్సిన గాలి అక్కడే పోతుంది. వేడిని బట్టి గాలి దారిని తెరిచే థర్మోస్టాట్ ఫ్లాపులు ఇంజన్ వేడెక్కాక పూర్తిగా తెరుచుకోవాలి. ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 15 మిల్లీమీటర్లు దిగాలి. ఎక్కువ దిగితే పుల్లీ రెండు ముక్కల మధ్య నుంచి ఒక షిమ్ (పలుచని వాషర్) తీసి బయటివైపు వేయండి.

గాలి బాగుంటే టైమింగ్, అంటే ప్లగ్ నిప్పు రవ్వ వేసే సమయం. చల్లటి ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు కరెంటు పంచే భాగం) పాయింట్ల గ్యాప్ 0.4, వాల్వుల గ్యాప్ 0.15 మిల్లీమీటర్లు. 009 రకం డిస్ట్రిబ్యూటర్ ఉంటే 3000 ఆర్పీఎం పైన టైమింగ్ లైటుతో 28–30 డిగ్రీల అడ్వాన్స్ చూసి బిగించండి. ఐడిల్‌లో మాత్రమే సరిచూసి వదిలేయడం చాలదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టం) గాలి లీకుతో పెట్రోల్-గాలి మిశ్రమం పలచబడినా వేడెక్కుతుంది.

అప్పటికీ తగ్గకపోతే, ఇంజన్ కింద పుల్లీ వైపున్న ఆయిల్ ప్రెజర్ రిలీఫ్ వాల్వు చూడండి. వెడల్పు స్క్రూడ్రైవరుతో దాని మూత విప్పితే స్ప్రింగ్, ప్లంజర్ (లోపల జారే చిన్న పిస్టన్) తమంతట తామే జారి పడాలి. ప్లంజర్ కిందికి ఇరుక్కుంటే ఆయిల్ కూలర్‌లోకి పోకుండానే తిరిగేస్తుంది. వేడి మీద ఐడిల్‌లో ఆయిల్ ప్రెజర్ ఎర్ర లైటు మిణుకుమంటుంటే దీని మీద అనుమానం పెంచుకోవాలి. సన్న ఎమెరీ కాగితంతో ప్లంజర్‌ను రుద్ది, కడిగి, మళ్లీ జారుతుందో చూసి బిగించండి.

పరీక్షకు మన్ననూరు ఘాట్ కాకుండా సమతల రోడ్డు ఎంచుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఫోర్త్ గేర్లో గుంజుకుంటూ పోకండి. ఫ్యాన్ ఇంజన్ తిరుగుడుతోనే తిరుగుతుంది కాబట్టి థర్డ్‌లో ఆర్పీఎం పెంచితేనే ఆయిల్ చల్లబడుతుంది. ముల్లు 130 చేరితే పక్కన ఆపి, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాకే ఆఫ్ చేయండి.