పదో నంబరు సూది తెచ్చిన తంటా

ఆఫీసు టెన్షన్ దిగాలంటే నాకు సాయంత్రం ఊలు, సూదులు ఉంటే చాలు. ఈసారి 1940ల నాటి బ్రిటిష్ నమూనా చూసి, నడుం దాకా వచ్చే పొట్టి కార్డిగన్ (ముందు గుండీలుండే స్వెటర్) మొదలుపెట్టాను. పదో నంబరు సూదులు, అంగుళానికి 7 కుట్లు అని ఉంది. ఆన్‌లైన్‌లో పదో నంబరే తెప్పించాను. నాలుగంగుళాలు అల్లేసరికి చేపల వలలా తయారైంది. వేలు పెడితే అవతలికి వచ్చేస్తోంది!

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "అంత లావు సూదులేంటే? నా పదో నంబరువి సన్నగా ఉంటాయి కదా" అంది. అప్పుడు వెలిగింది. నేను కొన్నవి అమెరికా కొలతవి, 6 మి.మీ. పాత బ్రిటిష్ లెక్కలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అందులో పది అంటే 3.25 మి.మీ. అమ్మ సూదులదీ అదే లెక్క.

మొత్తం విప్పేశాను. ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. విప్పిన ఊలు నూడుల్స్‌లా మెలికలు తిరిగింది. చిలపగా, అంటే వదులు చుట్టలా చుట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేస్తే సాఫీగా వచ్చింది. ఈసారి 3.25 సూదులతో ముందు ఐదంగుళాల ముక్క అల్లి, ఉతికి, ఆరాక స్కేలు పెట్టి లెక్కపెట్టాను: అంగుళానికి ఆరున్నర. నా చేయి కాస్త వదులు. 3 మి.మీ.కి దిగితే సరిగ్గా ఏడు.

వెనక భాగం అయిపోయింది. గుండీల కాజాలు ఇంకా మొదలుపెట్టలేదు.