సిఎన్‌సి రౌటర్‌లో రోటరీ సెంటర్ కరెక్ట్‌గా పట్టడం ఎలా

సిఎన్‌సి రౌటర్‌కి (కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషిన్) రోటరీ, అంటే ముక్కని పట్టుకుని తిప్పే అటాచ్‌మెంట్ పెట్టి, మంచం కోడు మీదో పూజ మందిరం స్తంభం మీదో నాలుగు వైపులా కార్వింగ్ చేస్తే ఒక ముఖం మీద డిజైన్ ఇటు జరిగి, ఎదురు ముఖం మీద అటు జరిగి వస్తోందా, అయితే ముందు ఫైల్‌ని కాదు వై సెంటర్‌ని (ముక్క తిరిగే గీత వై దిశలో ఎక్కడుందో ఆ కొలత) అనుమానించండి. సెంటర్ 0.2 ఎంఎం తప్పితే ఎదురెదురు ముఖాల మధ్య తేడా 0.4 అయి కూర్చుంటుంది. జెడ్ (ఎత్తు) కూడా అంతే, 0.1 తప్పితే మందం 0.2 తేడా వస్తుంది.

చాలామంది చక్ (ముక్కని బిగించే భాగం) బాడీకి అటూ ఇటూ తాకించి సగం చేసేస్తారు, అది వద్దు. మూడు జాస్ (దవడల) చక్‌లో రాడ్ ఎప్పుడూ కొంచెం పక్కకే కూర్చుంటుంది, మనకి కావాల్సింది చక్ సెంటరూ కాదు రాడ్ సెంటరూ కాదు, రోటరీ ఏ గీత చుట్టూ తిరుగుతోందో ఆ గీత.

రోటరీ మెషిన్ ఎక్స్ యాక్సిస్ వెంబడి ఉందనుకుందాం, అప్పుడు వై దానికి అడ్డంగా ఉంటుంది. లీనియర్ బేరింగ్‌లకి వాడే 20 ఎంఎం షాఫ్ట్ ముక్క ఒకటి తెచ్చుకోండి, మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్ పనికిరాదు. అది చక్‌లో బిగించి, స్పిండిల్‌కి (బిట్‌ని తిప్పే మోటారు) డయల్ (సన్నటి తేడా చూపే గేజ్) తగిలించి ఎక్స్‌లో జరుపుతూ పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి చూడండి, ఏ యాక్సిస్‌ని (రోటరీ తిరిగే కోణం) 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి. రెండు రీడింగుల సగటులో వాలు కనిపిస్తే రోటరీయే వంకరగా ఉంది, అది సరిచేయకుండా సెంటర్ పట్టి లాభం లేదు, ఎందుకంటే చక్ దగ్గర ఒక సెంటరూ టెయిల్ స్టాక్ (ముక్క రెండో కొనని ఆపేది) దగ్గర ఇంకో సెంటరూ వస్తాయి.

ఇప్పుడు వై. 6 ఎంఎం బిట్‌ని కొలెట్‌లో (స్పిండిల్‌లో బిట్‌ని పట్టే భాగం) తిరగేసి పెట్టండి, షాంక్ (బిట్ నున్నటి కాడ) కిందకి రావాలి, కటింగ్ అంచుతో తాకిస్తే రీడింగ్ నమ్మలేం. స్పిండిల్ ఆపేసి, షాంక్ కొన రాడ్ సగం కంటే కిందకి దిగేలా చూసుకుని, ఏ 0 లో ఎడమ పక్క కాగితం పెట్టి కాగితం పట్టుకునేదాకా మెల్లగా జాగ్ చేయండి (బటన్‌తో జరపండి), మెషిన్ కోఆర్డినేట్ రాసుకోండి. తర్వాత ఏ ని 180 తిప్పి కుడి పక్క తాకించండి. రాడ్ ఒకే ముఖాన్ని రెండుసార్లు తాకుతున్నాం కాబట్టి చక్ రనౌట్ (రాడ్ పక్కకి కూర్చున్న తేడా) దానంతటదే కొట్టుకుపోతుంది, అసలు కిటుకు ఇదే. ఎడమ 87.42, కుడి 113.66 వచ్చాయనుకోండి, కలిపి సగం చేస్తే 100.54, అదే వై జీరో. బిట్ సైజు, కాగితం మందం రెండు వైపులా సమానం కాబట్టి లెక్కలోకే రావు. బ్యాక్‌లాష్ (దిశ మారినప్పుడు మెషిన్‌లో ఉండే లూజు) మాత్రం వస్తుంది, దానిలో సగం సెంటర్‌లోకి చేరుతుంది, లూజు మెషిన్ అయితే ముందు అది చూసుకోండి.

జెడ్‌కి వై జీరో మీదకి వెళ్లి రాడ్ పైన ఏ 0 లో, ఏ 180 లో తాకించి సగటు తీయండి, అందులోంచి 10 ఎంఎం (20 ఎంఎం రాడ్‌లో సగం), కాగితం మందం తీసేయాలి, మామూలు ఏ4 అయితే సుమారు 0.1, మిగిలిందే జెడ్ జీరో. ఇక్కడ కాగితం కొట్టుకుపోదు, మర్చిపోవద్దు. క్యామ్‌లో (టూల్‌పాత్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) కూడా జెడ్ జీరో సిలిండర్ మధ్యలోనే పెట్టుకోండి, చెక్క పైన పెడితే ప్రతి ముక్క మందంతో తలనొప్పి.

బిట్ మార్చిన ప్రతిసారీ రాడ్ ఎక్కించలేం కదా, అందుకే ఇప్పుడే హెడ్‌స్టాక్ (చక్ ఉన్న రోటరీ బాడీ) పైన చదునుగా ఉన్న చోట కూడా తాకించి అది సెంటర్ కంటే ఎంత ఎత్తులో ఉందో మార్కర్‌తో దాని మీదే రాసేయండి. 62.40 అయితే కొత్త బిట్‌ని అక్కడ తాకించి జెడ్ 62.40 అని కొట్టడమే, ఈసారి కూడా కాగితంతో తాకిస్తే దాని మందం కలుపుకోండి.

చెక్క మీద పరీక్ష చేయకుండా టేకు ఎక్కించకండి. 40 ఎంఎం చదరపు పనికిరాని ముక్క బిగించి జెడ్ 15 లో ఏ 0, 90, 180, 270 దగ్గర నాలుగు ముఖాలూ చదును చేయండి, వెర్నియర్‌తో కొలిస్తే 30 రావాలి, 30.2 వస్తే సెంటర్ మీరనుకున్నదానికంటే 0.1 కింద ఉందన్నమాట. ఈ చదరం వై తప్పున్నా తిరిగే గీతకి మధ్యలోనే తయారవుతుంది, అందుకని ఇప్పుడు వి బిట్‌తో (మొన ఉన్న బిట్) వై 0 లో ప్రతి ముఖం మీద సన్నటి గీత గీస్తే ఆ గీత రెండు అంచులకీ సమాన దూరంలో పడాలి, ఒకవైపు 14.8 ఇంకోవైపు 15.2 ఉంటే వై 0.2 జరపండి. జరిపి ఇంకోసారి గీయండి, తప్పు దిక్కుకి జరిపితే తేడా రెట్టింపై వెంటనే తెలిసిపోతుంది.

రోటరీని బెడ్ మీంచి విప్పి మళ్లీ బిగిస్తే డయల్, వై రెండూ మొదటినుంచి చేయాల్సిందే, హెడ్‌స్టాక్ మీద రాసిన నంబర్ మాత్రం మారదు.