పాత కోడ్ పిల్లల చేతికిచ్చే ముందు

ఈ సెమిస్టర్‌లో ఫైనలియర్ వాళ్లకి కొత్త ప్రాజెక్టు బదులు, నడుస్తున్న పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చి దాని బాగోగులు చూడమందామనుకుంటున్నారా? మంచి పనే. అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకి బైండింగ్ చేయించి తెచ్చే రిపోర్టుల కన్నా ఎంతో నయం. కాకపోతే మొదటి ల్యాబ్‌కి ముందే మీరు చేసిపెట్టుకోవాల్సిన పనులున్నాయి.

నాలుగేళ్ల కింద నేను చేసుకోలేదు. మా డిపార్ట్‌మెంట్ హాజరు పోర్టల్‌నే ల్యాబ్‌కి ఇచ్చాను. సెక్షన్ మారిన ఒకమ్మాయి రికార్డు సరిచేయబోయి, ఒక కుర్రాడు అప్‌డేట్ కమాండ్‌లో ‘వేర్’ (ఏ రికార్డు మార్చాలో చెప్పే షరతు) మర్చిపోయి ఎంటర్ కొట్టాడు. డిపార్ట్‌మెంట్ మొత్తం బి సెక్షన్ అయిపోయింది. "సార్, ఒక్క రో అనుకున్నాను, ఏడు వందలు అంటోంది" అంటూ లేచి నిలబడ్డాడు. వాడిని ఏమనగలను? అసలు డేటాబేస్ పాస్‌వర్డ్ ఇచ్చింది నేనే.

అందుకే పిల్లలకి ఎప్పుడూ నకలే ఇవ్వండి. అందులోనూ పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేసి ఇవ్వండి. నకలు మీద కూడా ఒక అలవాటు చేయించాలి: ముందు అదే ‘వేర్’తో సెలెక్ట్ కొట్టి ఎన్ని రోలు వస్తున్నాయో చూడాలి, తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి అప్‌డేట్ చేయాలి, లెక్క సరిపోతేనే కమిట్, అంటే మార్పు ఖాయం. లేదంటే రోల్‌బ్యాక్, అంటే మొత్తం వెనక్కి.

బ్యాకప్ ఉందిలే అన్న ధీమా వద్దు. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సైటు నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోనే డేటా ఫోల్డర్ తుడిచేశాడు. రోజువారీ బ్యాకప్ కోసం చూస్తే, వెర్షన్లు కుదరక అది ఎప్పటినుంచో ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లూ చేరలేదు. ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికి తీసుకున్న స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) ఆదుకుంది. సెమిస్టర్ మొదలవక ముందే మీ బ్యాకప్‌ని ఖాళీ మెషీన్ మీద ఎక్కించి, లాగిన్ అయి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి.

మన కాలేజీ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి పీహెచ్‌పీ 5 వాసన పోలేదు. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లని పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. పిల్లల ల్యాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ ఉంటే మొదటి పేజీ కూడా తెరుచుకోదు, రెండు వారాలు ఇన్‌స్టలేషన్‌కే పోతాయి. పాత వెర్షన్‌తోనే ఒక డాకర్ ఇమేజ్ (కావాల్సినవన్నీ కలిపి కట్టిన, ఏ మెషీన్ మీదైనా నడిచే మూట) చేసి పంచండి. ఆ పాత కోడ్‌ని గిట్‌లో (కోడ్‌లో ప్రతి మార్పునీ దాచిపెట్టే టూల్) పెట్టేటప్పుడు కాన్ఫిగ్ ఫైల్లో పాస్‌వర్డ్ ఉండిపోతే, తర్వాత ఇంకో మార్పుగా తీసేసినా హిస్టరీలో కనబడుతూనే ఉంటుంది. మార్చాల్సింది పాస్‌వర్డ్‌నే.

ఇక "సార్, ఇదంతా పడేసి రియాక్ట్‌లో మళ్లీ రాసేద్దాం" అనే మాట మొదటి వారంలోనే వస్తుంది. ఒప్పుకోకండి. మొదటి పదిహేను రోజులు ఒక్క లైను కూడా మార్చనివ్వను నేను. జట్టుకో బగ్ ఇస్తాను, దాన్ని కళ్లముందు మళ్లీ జరిపించాలి, ఫెయిలయ్యే టెస్ట్ ఒకటి రాయాలి. మూడు లైన్లతో బాగుచేసిన వాళ్లకే ఎక్కువ మార్కులు. మూడు వందల లైన్లు మార్చినవాళ్లకి వైవాలో చెమటలు పడతాయి. ఏఐతో రాయించుకున్నా సరే, ప్రతి లైనూ ఎందుకో చెప్పాలి.

బయటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి పంపుతుంటే మార్కుల్ని పుల్ రిక్వెస్టుల (నా మార్పు కలుపుకోండని పంపే వినతుల) లెక్కకి ముడిపెట్టకండి. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్‌కి పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీ ఫైల్లో ఒక మాట అటూఇటూ చేసి పంపినవాళ్ల దెబ్బకి ప్రాజెక్టులు చూసుకునే మెయింటైనర్లు తల పట్టుకున్నారు. చివరికి ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే పరిమితమయ్యేలా నిర్వాహకులు నిబంధన మార్చాల్సివచ్చింది. పంపే ముందు ప్రతి మార్పునీ మీరొకసారి చూడండి.

పిల్లల మార్పుల్ని అసలు సర్వర్‌కి ఎక్కించేది సెమిస్టర్ నడుమ, ఏ మంగళవారం పొద్దున్నో. హాజరు 75 శాతం రానివాళ్ల కండోనేషన్ లిస్టు తీసే వారం మాత్రం ఎవరికీ అనుమతి లేదు, నాకు కూడా.